మహాప్రస్థానమున నడుమఁ బడినవారు

భారతమున మహాప్రస్థానిక పర్వము మిక్కిలి చిన్నది. సంస్కృతమున మూఁడే యధ్యాయములు. తెలుఁగున తిక్కన సోమయాజి రచించిన పదునైదు పర్వములలో నిది యేకాశ్వాసము. చిన్నదగుటచేతనే కాఁబోలు, పాఠశాలలలో దీనికొక పట్టికరూప మేర్పడినది. ద్రౌపదికి పక్షపాతము, సహదేవునకు ప్రజ్ఞాగర్వము, నకులునకు రూపగర్వము, అర్జునునకు శౌర్యగర్వము, భీమునకు తిండిపోతుతనము. ఎవ్వ రే దోషమునఁ బడిరని గురువడుగును, శిష్యుఁ డప్పగించును. దీర్ఘయాత్రను తుదముట్టింపలేక నడుమఁ గూలినవారు తమతమ పాపముచేతనే కూలిరనుట యీ పాఠమునకు ఫలితార్థము. సంస్కృతమూలమును వరుసగాఁ జదివినచో నీ యర్థము నిలుచుట కష్టము.

మొట్టమొదట గమనింపవలసినది, ఈ దోషములను చెప్పినవాఁడు కథకుఁడు కాఁడు. అవి ధర్మరాజు నోటిమాటలు. కథకుఁడైన వైశంపాయనుఁడు చెప్పిన కారణములు వేఱుగా నున్నవి; వానిని పట్టికలో నెవ్వరును జేర్చుకొనలేదు.

యాత్రారంభమునే చూడవలెను. పౌరులును అంతఃపురమువారును చాలదూరము వెంట వచ్చిరి. ధర్మరాజుతో "మరలు"మని యనుట కెవ్వరికిని నోరు రాలేదు. తుదకు వారే మరలిరి. కృపాదులు యుయుత్సుని చుట్టును జేరిరి. ఉలూచి గంగఁ బ్రవేశించెను. చిత్రాంగద మణలూరపురమునకుఁ బోయెను. ఇట్లు మరలినవారిని కవి యొక్కమాటయైన ననలేదు. ముందుకుఁ బోయినవా రుపవాసము చేసి తూర్పుమొగముగా నడచిరి. అందఱికంటె ముందు యుధిష్ఠిరుఁడు, అతని వెనుక భీముఁడు, పిదప అర్జునుఁడు, ఆ పిదప నకుల సహదేవులు, వారి వెనుక ద్రౌపది, అందఱికంటెఁ గడపట నొక కుక్క.

సంకల్పము భూప్రదక్షిణము. తూర్పున లౌహిత్యసముద్రమువఱకుఁ బోయిరి. అచ్చటికిఁ జేరువఱకును అర్జునుఁడు గాండీవమును, అక్షయతూణీరములను విడువలేదు. సర్వమును విడిచి నారచీరలు గట్టినవాఁడు విల్లుమాత్రము మోయుచుండుటకు రత్నలోభమే కారణమని కవి దాఁచక చెప్పినాఁడు. అగ్నిదేవుఁ డడ్డమై నిలిచి యడుగవలసివచ్చెను. తరువాత దక్షిణము, నైరృతి, పడమర. అచ్చట సముద్రమున మునిఁగిన ద్వారకను జూచి యుత్తరమునకుఁ దిరిగి హిమవంతమును దాఁటి యిసుకకడలిని, మేరువును గనిరి.

పతనములు రెండవ యధ్యాయమునఁ గలవు. మొదట ద్రౌపది, పిదప సహదేవుఁడు, నకులుఁడు, అర్జునుఁడు, భీముఁడు. ఈ వరుస నడచిన వరుసకు సరిగా విలోమము. వెనుకనున్నవారు ముందుగాఁ బడిరి. దోషముల బరువునుబట్టి వరుస యేర్పడిన దందుమా, రూపగర్వముకంటె ప్రజ్ఞాగర్వము బరువైనదని నిరూపింపవలసివచ్చును. అంత శ్రమ యేల? బారుగా నడచువారిలో కడపటివారు ముందుగా డయ్యుట లోకమున నున్నదే. కుక్క యొక్కటి యీ నియమమునకు లోఁబడలేదు. అది వట్టి కుక్క కాదని మూఁడవ యధ్యాయము తెలుపును.

ఇఁక కథకుని మాటలు. ద్రౌపదిని గూర్చి యతఁడు చెప్పినది యొక్కటే: ఆమె "భ్రష్టయోగ" యై పడెను. అందఱును యోగధర్మమున శీఘ్రముగా నడచుచుండఁగా నామె యోగము సడలినది. సహదేవుని పతనమునకుఁ గారణమే చెప్పలేదు. నకులుఁడో, ద్రౌపదియు సహదేవుఁడును బడుట చూచి యార్తుఁడై పడెను. అచ్చట నతనికి వేసిన విశేషణము "బంధుప్రియుఁడు". అర్జునుఁడును పడినవారిని జూచి శోకతప్తుఁడై కూలెను. అనఁగా కథకుని దృష్టిలో నిరువురు సోదరులు గర్వమునఁ గాదు, దుఃఖమునఁ బడిరి. ధర్మరాజు వారికి రూపగర్వ శౌర్యగర్వముల నారోపించుచున్న యా క్షణముననే కవి వారి ప్రేమను జెప్పుచున్నాఁడు. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచుట యాదృచ్ఛిక మనుకొనుట వ్యాసునకు న్యాయము చేయుట కాదు.

భీముని ప్రశ్నలను జూచినను నిదియే తోఁచును. అతఁడు పడినవారిని గూర్చి యూరక యేల పడెనని యడుగలేదు. ప్రతిసారియు నొక సాక్ష్యము పలికి యడిగినాఁడు. రాజపుత్త్రి యధర్మమేమియుఁ జేయలే దనెను. సహదేవుఁడు అహంకారము లేక యందఱికిని శుశ్రూష చేసినవాఁ డనెను. ప్రత్యుత్తరము, తనంతటి ప్రాజ్ఞుఁడు లేఁడని యతఁడు తలఁచె నని. ఇవి రెండును పరస్పరవిరుద్ధములు. ఒకటి చూచినవాని మాట, ఒకటి లోపల నేమున్నదో యెఱిఁగితినన్నవాని మాట. అర్జునుఁడు పరిహాసమునకైన నసత్య మాడలే దని భీముఁ డనఁగా, శత్రువుల నొక్క దినమున దహింతునని పలికి యట్లు చేయలేదని యన్న బదులు చెప్పెను. ఈ యొక్క చోట మాత్రము ప్రత్యుత్తరము ప్రశ్నకు సూటిగాఁ దగిలినదని యొప్పుకొనవలయును. ధర్మరాజు సత్యవాది గదా, అతని మాట నెట్లు త్రోయవచ్చు నను నాక్షేపమునకును బలము లేకపోలేదు. ఆ దోషములు వారియందు లేవని వాదింప నక్కఱలేదు. వృకోదరుని తిండి కథలో మొదటినుండి యున్నదే. పాఠశాలపట్టిక పొరపడినది, దోషము కలదు గనుక పతనము దానివలననే యనుటలో.

ఇదే ద్రౌపది యిదే హిమాలయమున మున్నొకమా ఱిట్లే పడినది. అరణ్యపర్వమున గంధమాదనయాత్రలో గాలివానకు డస్సి, నడువలేక యామె నేలఁ గూలఁబోవఁగా, నకులుఁడు పరుగెత్తి పట్టుకొనెను. ధర్మరాజు తొడపై నుంచుకొని, తన జూదమువలన నీమె కీ గతి పట్టెనని విలపించెను. కవలిరువు రామె పాదము లొత్తిరి. భీముఁడు తలఁచినంతనే ఘటోత్కచుఁడు వచ్చి యామెను మోసికొనిపోయెను. అచ్చట నేల పడెనని యెవ్వరు నడుగలేదు. నింద యంతయు ధర్మరాజు తనమీఁదనే వేసికొనెను. పడినది యా స్త్రీయే, పడుటయు నా యలసటచేతనే. మాఱినది ముందు నడచువాని వ్రతము. మహాప్రస్థానమున నతఁడు మనస్సును సమాధానపఱచుకొని, వెనుకకుఁ జూడక నడచుచున్నాఁడు. వెనుకకుఁ జూచినవారు నకులార్జునులవలెఁ గూలుదురు. కావున నతఁ డిచ్చిన కారణములు తీర్పులని చదువుటకంటె, చూడకుండ నడచుటకు వలసిన యూఁతకఱ్ఱలని చదువుట సందర్భమున కొదుగును. తుదకు భీముఁడు తానే పడి, నీ ప్రియుఁడను పడితిని, నన్నుఁ జూడుమని పిలిచినను, తిండిని, బలగర్వమును పేర్కొని రాజు సాఁగిపోయెను.

బదరీనాథమునకుఁ జేరువనున్న మాణాగ్రామమున సరస్వతీనదిపై నొక పెద్దబండ వంతెనవలె నున్నది. ద్రౌపది దాఁటుటకై భీముఁడు దానిని వేసెనని యచ్చటి జనులందురు. ఈ కథ భారతమున లేదు. అయినను జనస్మృతి భీముని యుపచారమును నిలుపుకొన్నదిగాని యతని తిండిని గాదు.

నడుమఁ దప్పినవాని గతి యేమి యను ప్రశ్నను భారతముననే యడిగినవాఁ డొకఁడు గలఁడు, అతఁ డర్జునుఁడు. గీతయం దాఱవ యధ్యాయమున, శ్రద్ధయుండియు యోగమునఁ దుదముట్టనివాఁడు చెదరిన మేఘమువలె నశించునా యని యడిగెను. మేలు చేసినవాఁ డెవ్వఁడును దుర్గతి పొందఁడని కృష్ణుఁడు చెప్పెను. యోగభ్రష్టుఁ డను మాట యచ్చటిది. భ్రష్టయోగ యను మాట యిచ్చట ద్రౌపదికి వాడఁబడినది. పట్టిక చెప్పు గురువు లీ రెండు మాటల నొక్కచోటఁ జేర్చి చూపిన బాగుండును. ఇంద్రుఁడును మూఁడవ యధ్యాయమున, నీవారు మనుష్యదేహము విడిచి నీకంటె ముందే స్వర్గము చేరిరని ధర్మరాజుతోఁ జెప్పుచున్నాఁడు. శ్రీశ్రీ తన కావ్యసంపుటమునకు (1950) ఈ పర్వము పేరుంచి దాని కేవలము ముందునడకగా మార్చెను. వాడుకలో మాత్ర మా పదమునకు మరణమే యర్థము.

కుక్కను విడువనన్న ధర్మరాజును, తమ్ములను విడిచితివి గదా యని యింద్రుఁ డెత్తిపొడిచెను. మృతులను బ్రతికింప నాకు శక్యము గాదు, బ్రతికియున్నంతకాలము వారిని విడువలేదు అని బదులు. తర్కమున కీ ప్రత్యుత్తరము చాలును, కవికి చాలలేదు. కాఁబట్టియే స్వర్గారోహణపర్వమున నతని నొక చీఁకటిత్రోవను మఱల నడిపించినాఁడు. దుర్గంధమునకుఁ దాళలేక యతఁడు వెనుకకుఁ దిరుగ నిశ్చయించెను. అంతట నలుదిక్కులనుండి దీనస్వరములు, నీ మేనిగాలి సోఁకి మాకు హాయిగా నున్నది, క్షణకాలము నిలువుమని వేఁడినవి. మీ రెవ్వరని యడుగఁగా, కర్ణుఁడను, భీముఁడను, అర్జునుఁడను, నకులుఁడను, సహదేవుఁడను, ద్రౌపదిని అని పలికినవి. ఈసారి యతఁడు దోషముల నెన్నలేదు. దేవదూతను బొమ్మని చెప్పి, తానచ్చటనే నిలిచెను.