బల్లే తీర్పరి: చైనా వెయ్‌చీ పోటీల నియమావళి

చైనాలో వెయ్‌చీ అనీ, తక్కిన ప్రపంచంలో గో అనీ వ్యవహరించే ఆటకు ఆ దేశపు సంప్రదాయం సంగీతం, చేవ్రాత, చిత్రలేఖనాలతో సమానంగా నాలుగు కళలలో స్థానం కల్పించింది. అడ్డంగా, నిలువుగా పందొమ్మిదేసి గీతలున్న బల్లపై, ఆ గీతలు కలిసే 361 కూడళ్లలో నల్ల, తెల్ల కాయలను వంతులవారీగా నిలుపుతూ, ఎదుటివారి కాయలను ఆనుకున్న ఖాళీ కూడళ్లన్నింటినీ, అంటే వాటి ‘ఊపిరి’ని, మూసివేసి పట్టుకుంటూ, ఎక్కువ భాగాన్ని వశపరచుకోవడమే ఇందులోని లక్ష్యం.

ఈ ప్రాచీన కళను వృత్తిగా తీర్చిదిద్దే వ్యవస్థ 1962లో చైనా వెయ్‌చీ సంఘం ఏర్పడిన తరువాత క్రమంగా రూపుదిద్దుకుంది. ‘దువాన్’ అనే తొమ్మిది అంచెల వృత్తి శ్రేణులు 1982లో అమలులోకి రాగా, నగరాల, సంస్థల పేర్లతో జట్లు తలపడే ప్రథమ శ్రేణి లీగ్ 1999లో మొదలైంది.

ఆట ఆరంభంలో ఒకరు గుప్పిట పట్టిన తెల్ల కాయల సంఖ్య సరియో బేసియో రెండవవారు ఊహించి చెప్పడం ద్వారా రంగులు నిర్ణయమవుతాయి. మొదటి ఎత్తు నల్ల కాయలదే గనుక, ఆ అనుకూలతకు బదులుగా నల్లవైపు వారు చివరి లెక్కలో 3¾ కాయలను వదులుకోవాలి.

చైనా పద్ధతి విశిష్టత ఈ లెక్కింపులోనే ఉంది. జపాన్ పద్ధతిలో చుట్టుముట్టిన ఖాళీ కూడళ్లను, పట్టుబడిన కాయలను లెక్కిస్తారు. చైనా పద్ధతిలో బల్లపై బతికి ఉన్న కాయలను, అవి చుట్టుముట్టిన కూడళ్లను కలిపి లెక్కిస్తారు, పట్టుబడినవాటికి విలువ ఉండదు. 361లో సగం 180½ కాబట్టి, దానికి 3¾ కలిపిన 184¼ను దాటడానికి నల్లవైపుకు కనీసం 185 కావాలి. 184 దగ్గర ఆగితే పావు కాయ తేడాతో ఓటమి తప్పదు. సొంత ప్రాంతంలో కాయ పెట్టినా నష్టం లేదు గనుక, ఒక గుంపు బతికిందో చచ్చిందో అన్న వివాదం తలెత్తినప్పుడు, ఆటను కొనసాగించి బల్లమీదే తేల్చుకోవచ్చు. తీర్పు కోసం ప్రత్యేక సూత్రాలను, పూర్వ నిర్ణయాలను ఆశ్రయించే అవసరం ఈ విధంగా చాలావరకు తొలగిపోతుంది.

2017 మే నెలలో వూజెన్‌లో జరిగిన పోటీలో, అప్పటి అగ్రశ్రేణి ఆటగాడు కె జియె నల్ల కాయలతో ఆడి, ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ చేతిలో మొదటి ఆటను ఆ పావు కాయ తేడాతోనే కోల్పోయాడు. ఆల్ఫాగో చైనా పద్ధతిలో ఆడడానికి కారణం లేకపోలేదు: ఆటను చివరిదాకా నడిపి బల్లను లెక్కించడమే చాలినప్పుడు, మనిషి విచక్షణ తోడు లేకుండానే యంత్రం కూడా ఫలితాన్ని తెలుసుకోగలదు. ఆరంభకులైన పిల్లలకు, ప్రపంచ విజేతలకు, యంత్రానికి సైతం ఒకే కొలత వర్తించడం, ఆ కొలత అందరి కళ్ల ముందే సాగడం ఈ నియమావళి సాధించిన గొప్ప న్యాయం.