ర్యాంకెంత అని అడిగే మైకు

సుల్తాన్ బజార్ మెట్రో దిగి కోఠీ పాత పుస్తకాల దుకాణాల దిక్కు నడిస్తే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని గైడ్లు బేరం చేసే పిల్లలు కనిపిస్తరు. ఏం వింటున్నవ్ తమ్మీ అని అడిగితే కొందరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద పాడ్‌కాస్టులన్నరు. నేనూ నెలరోజులు అవే విన్నాను.

వాటి మేలు కాదనను. నోటీస్ పీరియడంటే ఏమిటో, ఆఫర్ లెటర్ల ఏం చూసుకోవాలో మన ఇండ్లల్ల చెప్పేవాళ్ళెవరు? చదువుకున్న మొదటి తరం మనమే కదా.

కానీ ముచ్చట ఎట్ల మొదలవుతది? మీదే ఊరు బ్రో, నాన్నగారేం చేస్తరు, ఎంసెట్‌ల ర్యాంకెంత. హోస్టుకది పలకరింపు. మనకది విచారణ. రిజర్వేషన్ సీటుల చదివినోడు ర్యాంకు చెప్తే కులం చెప్పినట్టే, చెప్పకుంటే దాచినట్టు. అగ్రవర్ణ అతిథి చెప్తే మాత్రం అదే అంకె ప్రతిభ అయి కూర్చుంటది.

ఇది నా అనుమానం కాదు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో మీద వేసిన దావాలో ఒక ఆరోపణ ఇదే: దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడని పై అధికారి తోటివాళ్ళకు చెప్పాడని. సిస్కో కాదన్నది. ఇద్దరు అధికారుల మీద కేసును 2023లో ఆ శాఖే వెనక్కి తీసుకున్నది. 2022 ఏప్రిల్‌లో గూగుల్‌లో కులం మీద తేన్‌మొళి సౌందరరాజన్ మాట్లాడాల్సిన సభ కొందరు ఉద్యోగుల అభ్యంతరాలతో రద్దయింది. ఏర్పాటు చేసిన తనుజా గుప్తా ఉద్యోగమే వదులుకున్నారు. ఇంత జరిగినా, నేను విన్నవాటిల్ల ‘వర్క్ కల్చర్’ అంటే చెడ్డ మేనేజరు, వారాంతపు పని, అంతే. రిఫరల్ కోసం ‘నెట్‌వర్క్ పెంచుకో’ అని గంటసేపు చెప్తరు. బాబాయి కొడుకు, బావమరిది కంపెనీల ఉన్నోడికి అది పుట్టుకతో వచ్చిన నెట్‌వర్కు. కూలికి పోయిన తల్లి కొడుకు ఎక్కడ పెంచుకోవాలె?

ఇక్కడికి దగ్గర్లనే ఇసామియా బజార్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910లో బడి పెట్టిండు. అంతకు ముందే, 1906లో, జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో మనవాళ్ళను కూడగట్టిండు. అక్షరం అందనోళ్ళకు గొంతుతో అందించిండు. పాడ్‌కాస్టు కూడా గొంతే. అయితే ఆ హరికథకు ఎదురుగ కూర్చున్నది ఎవరో తెలుసు. ఈ హోస్టుకు తన లాంటి శ్రోతే తెలుసు.

మొన్న మా తమ్ముడికి ఒక చిన్న పాడ్‌కాస్టువాళ్ళు ఫోన్ చేసిండ్రు. ఊరి నుంచి సాఫ్ట్‌వేర్ దాక నీ కథ చెప్పమన్నరు. ప్రశ్నలు ముందే పంపిండ్రు. మూడోది ర్యాంకు. ‘అన్నా, ఆఫీసుల ఇప్పటిదాక ఎవ్వరికీ చెప్పలే, ఏం చెయ్యాలె?’ అన్నడు. ఆ ఒక్కటి తీసెయ్యమని అడుగు అన్న. అడిగిండు.

‘అది లేకుంటే కథే మొదలుకాదు బ్రో’ అని జవాబొచ్చింది.