గడ్డ తీసేశాక మాత్రలెందుకు?

శిరివెళ్లలో మందుల షాపు నడుపుతున్న నన్ను ఒక ప్రశ్న చాలా బాధపెడుతుంది. "గడ్డ తీసేసినారు గదన్నా, ఇంగా ఈ మాత్రలెందుకు?" కర్నూల్లోనో హైదరాబాదులోనో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకొని వచ్చిన ఆడమనిషి కోసం కొడుకో మొగుడో టామోక్సిఫెన్ చీటీ పట్టుకొచ్చి అడుగుతాడు. పుండు మానింది, మనిషి చేనికి పోతోంది. వాళ్లకు ఆ అనుమానం రావడం సహజం.

ఆపరేషన్ తర్వాత ఇచ్చే ఈ చికిత్సను డిశ్చార్జి కాగితంలో అడ్జువెంట్ థెరపీ అంటారు. సహాయక చికిత్స అని తెలుగులో చెబితే పథ్యంలాగా, బలం మాత్రలాగా, మానేసినా పరవాలేదన్నట్టు వినబడుతుంది. అసలు సంగతి అది కాదు. గడ్డను కోసెయ్యకముందే కొన్ని కణాలు రక్తంలో కలిసి ఎముకలోకో కాలేయంలోకో చేరి ఉండొచ్చు. అవి ఏ స్కానింగులోనూ కనబడనంత చిన్నవి. కీమో, హార్మోను మాత్రలు వాటి కోసం. ఆపరేషన్ చేసిన చోట మిగిలినవాటికి రేడియేషన్. అవే మందులు ఆపరేషన్‌కు ముందు ఇస్తే నియో అడ్జువెంట్.

దీనికి రుజువు 1976లో ఇటలీలోని మిలాన్ నుంచి వచ్చింది. చంకలోని గ్రంథులకు జబ్బు పాకిన స్త్రీలకు బొనడొన్నా అనే డాక్టరు ఆపరేషన్ తర్వాత మూడు మందులు కలిపి ఇచ్చాడు. 27 నెలలకు చూస్తే, ఆపరేషన్‌తోనే సరిపెట్టినవాళ్లలో నూటికి 24 మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు వాడినవాళ్లలో అయిదుగురికే. ఆ మూడింటిలో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనను నడిపిన కాలంలో అక్కడ తయారైన మందు అది. ఆ మాట చెప్పేటప్పుడు నాకు గుండె నిండుతుంది.

టామోక్సిఫెన్ హార్మోనుతో పెరిగే రకానికి పనిచేస్తుంది. అయిదేళ్లు వాడితే పదిహేనేళ్లలో ఆ జబ్బుతో చనిపోయేవాళ్లు మూడో వంతు తగ్గుతారు. కొందరికి డాక్టర్లు పదేళ్లు వాడమంటారు. అందుకే చీటీ వెనక మొదలుపెట్టిన తేదీ, అయిదేళ్లు నిండే తేదీ రాసిస్తున్నాను. వచ్చినవాళ్లతో ఇంకో మాట కూడా చెబుతాను: ఒంట్లోంచి ఆవిర్లు వస్తే ఓర్చుకొని ఊరుకోవద్దు, డాక్టరుకు చెప్పండి. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడితే ఆ రోజే ఆస్పత్రికి తీసుకపోండి. మాత్ర ఆపాలో మార్చాలో అక్కడ తేలుస్తారు.