అమ్మ భాషలో ఆడవాళ్ళ కథలు

తూర్పు యూరప్ యూదుల ఇంటి భాష యిడ్డిష్. దాన్ని మాట్లాడేవాళ్ళు ‘మామె లోషన్’ అంటారు, అమ్మ భాష అని. హీబ్రూ దేవుడి భాష, మగపిల్లలు గురువు దగ్గర కూర్చుని నేర్చుకునేది. యిడ్డిష్ వంటింట్లో, సంతలో, ఉయ్యాల పక్కన వినబడేది. హీబ్రూ చదవలేని ఆడవాళ్ళు బైబిల్ కథలు చదువుకునే ‘త్సెనె రెనె’ అనే యిడ్డిష్ పుస్తకానికి 1622 నాటి ముద్రణే దొరుకుతోంది. అంత కాలంగా ఆడవాళ్ళదని పేరుపడ్డ భాష అది. అయినా కథకుల జాబితా వేసేసరికి ఆడవాళ్ళు కనబడరు. 1954లో ఇర్వింగ్ హౌ, ఎలియెజర్ గ్రీన్‌బర్గ్ ఇంగ్లీషులో తెచ్చిన పెద్ద యిడ్డిష్ కథాసంకలనంలో ఒక్క రచయిత్రీ లేదు. ఇంగ్లీషు పాఠకుల్లో చాలామందికి యిడ్డిష్ కథ పరిచయమైంది ఆ పుస్తకంతోనే. దాంతో అసలు రచయిత్రులే లేరనుకున్నారు.

ఉన్నారు. వాళ్ళ కథలు పాత యిడ్డిష్ పత్రికల్లో పడి ఉన్నాయి. కొందరికి ఒక్క సంపుటి వచ్చింది, కొందరికి అదీ లేదు. కవయిత్రులుగా మాత్రం లోకం ఒప్పుకుంది. 1928లో ఎజ్రా కోర్మన్ 70 మంది కవయిత్రులతో ఒక సంకలనమే వేశాడు. ఆడవాళ్ళు మనసులో బాధ పాడుకుంటే ముచ్చటే, లోకం గురించి కథ చెబితే మాత్రం పట్టించుకునేవాళ్ళు తక్కువ. 1994లో టొరంటోలో కొందరు స్త్రీలు కలిసి ‘ఫౌండ్ ట్రెజర్స్’ అనే అనువాద సంకలనం తెచ్చాక తలుపు తెరుచుకుంది. 2007లో వచ్చిన ‘ఆర్గ్యూయింగ్ విత్ ది స్టార్మ్’ పుట్టిన తీరు నాకు మరీ ఇష్టం. కెనడాలోని విన్నిపెగ్‌లో యిడ్డిష్ వచ్చిన ఆడవాళ్ళు ఒకచోట చేరి రచయిత్రుల కథలు చదువుకునేవారు. ఆ చదువుల్లోంచి వచ్చిన పుస్తకం అది.

ఈ కథల్లో నన్ను ముందుగా పట్టుకున్నది గొంతు. యూదుల ప్రార్థనాలయమైన సినగాగులో ఆడవాళ్ళు వేరుగా కూర్చునే చోట ‘జోగెరిన్’ అని ఒకావిడ ఉండేది. చెప్పే ఆవిడ అని అర్థం. ప్రార్థన పుస్తకం చదవలేనివాళ్ళ కోసం ఆమె ముందు చెబుతుంది, మిగతావాళ్ళు వెనక అంటారు. ఆమె ఏడిస్తే వాళ్ళూ ఏడుస్తారు. మిన్స్క్ రచయిత్రి రోఖ్ల్ బ్రోఖెస్ అదే పేరుతో ఒక కథ రాసింది. అందరి మొరా తన నోట వినిపించే మనిషికి సొంత మొర ఉండదా? ఆ ప్రశ్న చుట్టూనే కథ నడుస్తుంది. నాజీలు బ్రోఖెస్‌ని మిన్స్క్‌లో యూదుల్ని నిర్బంధించిన ఘెట్టోలోనే చంపేశారు.

ఫ్రాడ్ల్ ష్టోక్‌ది మరో పద్ధతి. తూర్పు యూరప్‌లోని గలీషియాలో పుట్టి, 1907లో న్యూయార్క్ చేరి, 1919లో ఒక్క కథల సంపుటి వేసిన మనిషి. ‘ఆమె అనుకుంది’ అనే మాట అవసరం లేకుండానే ఆమె వాక్యం బయటి దృశ్యంలోంచి కథలోని అమ్మాయి మనసులోకి జారిపోతుంది. పెద్దవాళ్ళు వినకూడని కోరికలన్నీ ఆ జారుడులోనే బయటపడతాయి. ఆ అమ్మాయి నోరు విప్పదు, పాఠకుడికి మాత్రం అంతా వినబడుతుంది. మాట్లాడే హక్కు లేనివాళ్ళ కథ చెప్పడానికి ఇంతకంటే తగిన శిల్పం నాకు కనబడలేదు. ఆ కథల్లో కొన్నిటిని జోర్డన్ ఫింకిన్, అలిసన్ షాక్టర్ ఇటీవలే ఇంగ్లీషులోకి తెచ్చారు. వందేళ్ళు పట్టింది.

యెంటె సెర్దాట్స్కీ కథల్లో సంఘటనలే ఉండవని ఆ రోజుల్లో ఆక్షేపించేవారు. రష్యాలో విప్లవం కోసం తిరిగి, న్యూయార్క్‌లో అద్దె గదిలో ఒంటరిగా మిగిలిన ఆడదాని రోజులో సంఘటనలు ఎక్కణ్ణించి వస్తాయి? ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూడటమే ఆమె కథ.

ఇక చావా రోజెన్‌ఫార్బ్. పోలండ్‌లోని లోడ్జ్‌లో 1923లో పుట్టింది. ఆష్‌విట్జ్, బెర్గెన్ బెల్జెన్ నాజీ శిబిరాల్లోంచి బతికి బయటపడి, 1950లో మాంట్రియల్ చేరింది. ఆమె కథ ‘ఎద్గియా పగ’ చదివాక రెండు రోజులు మరో పుస్తకం ముట్టలేకపోయాను. కథ చెప్పేది రెల్లా. ఆమె ఆష్‌విట్జ్‌లో కాపో. అంటే తోటి ఖైదీల మీద పెత్తనం కోసం నాజీలు నిలబెట్టిన ఖైదీ. ఒకసారి ఆమె ఎద్గియా అనే అమ్మాయి ప్రాణం కాపాడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక రెల్లా మాంట్రియల్‌లో కొత్త మనిషిగా, కొత్త బట్టల్లో, కొత్త భాషలో బతుకుతుంది. ఆమె ఎవరో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఎద్గియా.

ఈ కథ ఎద్గియా నోట చెప్పిస్తే మనం కన్నీళ్ళు పెట్టుకుని పక్కన పెట్టేసేవాళ్ళం. తప్పు చేసినావిడ నోట చెప్పించడంతో మనకు కదలడానికి చోటు లేదు. ఆమె సాకులు వింటాం, కాసేపు నమ్ముతాం, నమ్మినందుకు సిగ్గుపడతాం. శిబిరంలోని దారుణాన్ని రచయిత్రి పేజీలకు పేజీలు వర్ణించదు. ఇద్దరు ఆడవాళ్ళు ఒక గదిలో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఎవరు ఎవరికి రుణపడ్డారన్న లెక్క తేలకపోవడంలోనే అదంతా ఉంది. 2004లో ‘సర్వైవర్స్’ పేరుతో రోజెన్‌ఫార్బ్ కథలు ఏడింటిని ఇంగ్లీషు చేసింది ఆమె సొంత కూతురు గోల్డీ మోర్గెంటాలర్. అమ్మ రాసిన అమ్మ భాషను కూతురు పరాయి భాషలో పెట్టడం ఎంత బరువైన పనో!

ఆ బరువు ఎక్కడ పడుతుందో చిన్న మాటల దగ్గరే తెలుస్తుంది. యిడ్డిష్‌లో మామూలు పుస్తకం ‘బుఖ్’, పవిత్ర గ్రంథం ‘సేఫర్’. ఇంట్లో ఒక ఆడపిల్ల చేతిలో ఉన్నది బుఖ్, తండ్రి చేతిలో ఉన్నది సేఫర్ అన్నారంటే ఆ ఇంటి కథంతా తెలిసిపోతుంది. ఇంగ్లీషులో రెండిటికీ సాధారణంగా ‘బుక్’ అనే వేస్తారు. అలాగే ‘దు’, ‘ఇర్’ ఉన్నాయి. మన నువ్వూ మీరూ అవే. ఇంగ్లీషు రెండిటినీ ‘యూ’లో కలిపేస్తుంది. ఎవరు ఎవర్ని ఎప్పుడు నువ్వు అన్నారో, ఎప్పుడు మీరులోకి వెనక్కి తగ్గారో ఆ కలుపుడులో పోతుంది. ఇంగ్లీషు అనువాదకులు దాన్ని గొంతు మార్పుతో, వాక్యం బిగువుతో తెప్పించడానికి పడ్డ పాట్లు పేజీ పేజీకీ కనబడతాయి. వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

ఈ కథలు నేను ఇంగ్లీషులోనే చదివాను. అయినా కొన్ని చోట్ల, ఇంగ్లీషు వెనక ఉన్న మాట మన చెవికి తెలిసినదే అనిపిస్తుంది. యిడ్డిష్ తల్లి తన చిన్న కూతుర్ని ‘మామెలె’ అంటుంది, కొడుకుని ‘టాటెలె’ అంటుంది. మాటకి మాట పెడితే చిన్న అమ్మా, చిన్న నాన్నా అని. ఇంగ్లీషులో అలా రాస్తే పాఠకుడు తికమకపడతాడని అనువాదకులు ‘డార్లింగ్’ అనో ఇంకేదో అనో సర్దుకుంటారు. తెలుగులో ఆ ఇబ్బందే లేదు. మన ఇళ్ళలో పాలు తాగనని మారాం చేసే పిల్లని ‘అమ్మా, తాగమ్మా’ అనే బతిమాలతాం, నిద్రపోని పిల్లాణ్ణి ‘నాన్నా, పడుకో నాన్నా’ అనే జోకొడతాం.