గొర్రెల నట్టలు – పాఠం చెప్పినది, చెప్పనిది

జంతుశాస్త్రం చదివిన విద్యార్థికి కార్జపు జలగ కొత్తది కాదు. అది ఆకువలె పలుచగా ఉంటుందనీ, గొర్రె కాలేయంలో పిత్తనాళాలలో నివసిస్తుందనీ, గుడ్డు తరువాత మిరాసిడియం, స్పోరోసిస్ట్, రీడియా, సెర్కేరియా, మెటాసెర్కేరియా అనే దశలు వరుసగా వస్తాయనీ అతడు ఒప్పజెప్పగలడు. బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకొనగలడు. అదే విద్యార్థిని శ్రీకాకుళం జిల్లాలోనో, విజయనగరం జిల్లాలోనో చెరువు గట్టున మేస్తున్న మంద దగ్గరకు తీసుకొనిపోయి, "ఈ మందలో దేనికి ప్రమాదం? ఏ నెలలో? ఎందువల్ల?" అని అడిగితే మాత్రం జవాబు రాదు. ఈ లోపం విద్యార్థిదని అనడం న్యాయం కాదు. నట్టలను గూర్చి మనకు లభించే రచనలలోనే అది ఉన్నది.

ఆ రచనలు ముఖ్యంగా మూడు విధాలు. మొదటివి పాఠ్యగ్రంథాలు. రెండవవి మందలలోని పేడను పరీక్షించి శాతాలు తేల్చే సర్వే నివేదికలు. మూడవవి కాపరులకు పంచే మందుల కరపత్రాలు. మూడింటిలోనూ నిజమున్నది, మూడింటిలోనూ కొరత ఉన్నది.

పాఠ్యగ్రంథాలను ముందుగా చూడవచ్చును. వాటిలో సాధారణంగా వర్ణించే కార్జపు జలగ పేరు ఫాసియోలా హెపాటికా. దాని జీవితచరిత్రను 1881–83 సంవత్సరాలలో ఇంగ్లండులో ఆల్జర్నన్ థామస్, జర్మనీలో రుడాల్ఫ్ ల్యూకార్ట్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా తేల్చారు. 1879–80లో ఇంగ్లండులో అతివృష్టి తరువాత జలగ వ్యాధితో లక్షల గొర్రెలు చచ్చిపోయినవి. అందుకు కారణం వెదకమని అక్కడి రాచ వ్యవసాయ సంఘం కోరగా థామస్ ఈ పనికి పూనుకొన్నాడు. అనగా పాఠంలోని ఆ దశలన్నీ ఒక నష్టానికి కారణం వెదుకుతూ కనుగొన్నవి. మన గ్రంథాలు దశలను మిగుల్చుకొని నష్టాన్ని వదలివేశాయి.

అంతకంటె పెద్ద కొరత మరొకటి ఉన్నది. హెపాటికా చల్లని సీమల జలగ. మన దేశంలో అది హిమాలయ ప్రాంతాలలో కనబడుతుంది. మైదానాల పశువులలో ఉండేది ముఖ్యంగా ఫాసియోలా జైగాంటికా. హెపాటికా సుమారు 30 మిల్లీమీటర్ల పొడవుంటే, ఇది 75 మిల్లీమీటర్ల వరకు పెరుగగలదు. పొడవులోని తేడా పరీక్షకు పనికివస్తుంది; మందకు పనికివచ్చే తేడా నత్తలో ఉన్నది. హెపాటికాకు ఆశ్రయమిచ్చే లిమ్నియా ట్రంకేటులా బురదనేలపై తిరిగే చిన్న నత్త. జైగాంటికాకు ఆశ్రయమిచ్చే లిమ్నియా ఆరిక్యులేరియా నీటిలోనే బ్రతికే నత్త; చెరువులు, నెమ్మదిగా పారే కాలువలు, నీరు నిలిచిన వరిమళ్ళు దాని నివాసాలు. ఇంగ్లండు రైతు తడిసిన పచ్చికబయలును చూచి భయపడాలి. వంశధార, నాగావళి కాలువల క్రింది కాపరి చెరువు అంచును చూచి భయపడాలి. మొదటి నత్త కథను రెండవ కాపరికి చెబితే అతడు కాపలా కాయవలసిన చోటు ఒకటి, కాచేది మరొకటి అవుతుంది.

చెరువు అంచుకు మంద ఎందుకు వస్తుంది? ఖరీఫ్‌లో పల్లపు భూములన్నీ వరినాట్లతో నిండిపోతాయి. మందకు మిగిలేవి మెట్ట బీళ్ళు, కొండవాలులు, చెరువు గట్లు. కోతలైన తరువాత మళ్ళు తెరుచుకొంటాయి. ఎరువు కోసం రైతులు పొలాలలో మందలు కట్టించుకొంటారు. గొర్రె మోళ్ళు కొరుకుతుంది, మడి మూలలో మిగిలిన తడిలో మొలిచిన పచ్చిక మేస్తుంది. నత్తలోనుండి వెలువడిన సెర్కేరియాలు గూడు కట్టుకొని అంటిపెట్టుకొనేది ఇటువంటి నీటి మొక్కల మీద, వరికాడల అడుగుభాగాల మీదనే. అదే చెరువులో గేదెలు పడుకొంటాయి. జైగాంటికాకు గేదె, ఆవు కూడ అతిథేయులే. కాబట్టి గొర్రెలకు మాత్రమే మందు పోసి, గేదెల సంగతి మరచిపోతే, జలగ గుడ్లు నీటిలో పడడం ఆగదు. నట్టకు నత్త ఇల్లు, నత్తకు చెరువు ఇల్లు, చెరువుకు ఊరి పశువులన్నీ వాటాదారులు. ఈ సంబంధాన్ని చూపని జీవితచక్రపు బొమ్మ ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే.

పాఠ్యగ్రంథాల మూడవ లోపం ఎంపికలో ఉన్నది. జలగకు అన్ని పుటలు ఇచ్చిన పుస్తకాలు, వానకాలంలో మందలను అంతకంటె వేగంగా కూల్చగల హీమాంకస్ కంటార్టస్‌ను ప్రస్తావించడమే అరుదు. గొర్రె నాలుగవ కడుపులో ఉండే ఈ గుండ్రటి పురుగు రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. ఆడ పురుగులో రక్తంతో నిండిన ఎర్రని పేగు చుట్టూ తెల్లని అండకోశాలు పెనవేసుకొని, రెండు రంగుల దారాలతో పేనిన మొలతాడువలె కనబడుతుంది. ఒక్కొక్క పురుగు వల్ల గొర్రె రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తం కోల్పోతుంది. అయిదువేల పురుగులున్న గొర్రెకు రోజుకు పావులీటరు నష్టమన్న మాట. ఆడ పురుగు దినానికి అయిదువేల నుండి పదివేల వరకు గుడ్లు పెడుతుంది. వెచ్చని తడి దొరికితే వారం లోపలనే ఆ గుడ్లు అంటించే దశకు చేరిన పిల్లపురుగులై, గడ్డిపరకల మీది నీటిపొరలో పైకి ప్రాకుతాయి. దీనికి నత్త అవసరం లేదు. పేడ, తడి, గడ్డి చాలును. దవడ క్రింద నీరు దిగి, కనురెప్పల లోపలిభాగం తెల్లబారి, గొర్రె నడుస్తూ నడుస్తూ కూలబడుతుంది. మంచు ఆరిన తరువాతనే మేతకు తోలమని చెప్పే మాటకు శాస్త్రీయమైన ఆధారం ఇక్కడ ఉన్నది.

ఇక సర్వే నివేదికలు. వీటి ఉపకారం తక్కువది కాదు. ఏ కాలంలో, ఏ వయస్సు గొర్రెలలో, ఏ విధమైన మేత భూములలో నట్టలు ఎక్కువో చెప్పేవి ఇవే. కాని వీటిని చదివేవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: గుడ్లను ఎట్లా వెదికారు? పేడను ఉప్పు సంతృప్త ద్రావణంలో కలిపితే గుండ్రటి పురుగుల గుడ్లు తేలుతాయి. జలగ గుడ్లు సాంద్రత ఎక్కువైనందువల్ల తేలవు. వాటిని పేరుకొననిచ్చి అడుగున వెదకాలి. తేల్చే పద్ధతి ఒక్కటే వాడి "జలగలు లేవు" అని వ్రాస్తే, అది మందను గూర్చిన వార్త కాదు, పాత్రను గూర్చిన వార్త.

రెండవది: గుడ్లు లేకపోతే వ్యాధి లేనట్లేనా? కాదు. జైగాంటికా గొర్రెలో ప్రవేశించిన తరువాత గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈలోగా పిల్లజలగలు కాలేయాన్ని తొలుచుకొంటూ తిరుగుతాయి. గొర్రె చచ్చిపోయేటంత నష్టం జరిగినా పేడలో గుడ్డు కనబడకపోవచ్చును. పొట్ట జలగలలోనూ ఇదే చిత్రం: తీవ్రమైన పారుడు కలిగించేవి చిన్నపేగులోని పిల్లజలగలు, అవి గుడ్లు పెట్టవు.

మూడవది: శాతమెంత అన్నది సరే, భారమెంత? పది గొర్రెల మందను ఊహించుకొందాం. ఒక మందలో పదింటికీ గ్రాము పేడకు వేయేసి గుడ్లున్నాయి. మరొక మందలో తొమ్మిదింటికి నూరేసి, పదవదానికి 9,100 ఉన్నాయి. రెండింటిలోనూ సోకినవి నూటికి నూరు. సగటు కూడ వేయే. కాని మొదటి మందకు కావలసిన చికిత్స వేరు, రెండవ మందకు వేరు. నిజమైన మందలు చాలవరకు రెండవదానిని పోలి ఉంటాయి. కొద్దిపాటి గొర్రెలే ఎక్కువ పురుగులను మోస్తాయి. 1939లో ఆస్ట్రేలియాలో రూపొందించిన మక్‌మాస్టర్ పద్ధతి గ్రాముకు గుడ్లు లెక్కించడానికి పుట్టింది. ఆ లెక్క చేసిన తరువాత దానిని ఒక్క శాతంగా కుదించి ప్రకటించడం శ్రమను వృథా చేయడమే.

మందుల కరపత్రాల సంగతి మరింత జాగ్రత్తగా చూడవలసినది, ఏమన వాటి మాటను కాపరి వెంటనే ఆచరిస్తాడు. "అన్ని గొర్రెలకు, ఇన్ని నెలలకొకసారి" అన్న సూత్రం గుర్తుంచుకొనడానికి సులభం. దానివల్ల వెంటనే మేలు కనబడుతుంది కూడ. కాని చరిత్ర ఒక హెచ్చరిక చేస్తున్నది. థయాబెండజోల్ 1961లో వాడుకలోకి వచ్చింది. 1964 నాటికే దానికి లొంగని హీమాంకస్ పురుగులు బయటపడ్డాయి. మన దేశంలో ఇటువంటి నివేదిక 1976లో వెలువడింది. మందు పోసినప్పుడు లొంగే పురుగులు చస్తాయి, లొంగనివి మిగులుతాయి. మేతభూమిలో మందు ఎరుగని పిల్లపురుగులు సమృద్ధిగా ఉంటే ఈ మిగిలినవి వాటిలో కలిసి పలుచబడతాయి. ఏప్రిల్, మే నెలల ఎండకు ఉత్తర కోస్తా బీళ్ళు మాడి, నేల మీద పిల్లపురుగులు నశించిన సమయంలో మందంతటికీ మందు పోస్తే, తొలకరి తరువాత పుట్టే తరమంతా ఆ మిగిలిన మొండి పురుగుల సంతానమే అవుతుంది. జలగల విషయంలో వానలకు ముందు చికిత్స మేలైనదే. గుడ్లు చెరువు చేరకుండ ఆపుతుంది. ఒకే నెల ఒక నట్టకు అనుకూలం, మరొక నట్టకు ప్రతికూలం. కరపత్రం "నట్టలు" అని ఒక్క మాటతో సరిపెట్టుకొంటే ఈ భేదం మాయమవుతుంది.

మోతాదు సంగతి కూడ అంతే. కన్నుతో బరువు అంచనా వేసి తక్కువ పోస్తే మొండి పురుగులను పెంచి పోషించినట్లే. ఆల్బెండజోల్ ఎదిగిన జలగల మీద పనిచేస్తుంది, పిల్లజలగల మీద పనిచేయదు. ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్నది పశువైద్యుడు నిర్ణయించవలసిన విషయం. ఇందుకు సహాయంగా దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా పద్ధతి గమనింపదగినది. గొర్రె కనురెప్ప లోపలి రంగును అయిదు రంగుల పట్టికతో పోల్చి, పాలిపోయిన వాటికే మందు ఇస్తారు. ఇది రక్తం పీల్చే పురుగులకు పనికివస్తుంది గాని అన్ని నట్టలకూ కాదు. జలగ వల్ల కూడ రక్తహీనత వస్తుంది గనుక తొందరపడి నిర్ణయించరాదు.

నట్టలకు దోహదం చేసే కారణాలను గూర్చి విదేశాలలో వెలువడిన రచనలలో కొన్ని పాడి గొర్రెలకు సంబంధించినవి. ఇటలీలోని సార్డీనియా, గ్రీసు, ఫ్రాన్సులో రోక్‌ఫోర్ జున్ను తయారయ్యే సీమ ఇందుకు ప్రసిద్ధాలు. అక్కడ నట్టల నష్టాన్ని పాల లీటర్లలో కొలుస్తారు; మందు అంశ పాలలోకి వస్తుందా అని విచారిస్తారు. మన ఉత్తర కోస్తాలో గొర్రెను మాంసానికీ ఎరువుకూ పెంచుతారు; పాలు పిండి అమ్మరు. అందుచేత ఆ రచనలు మనకు అక్కరలేదని త్రోసివేయడం పొరపాటు. ఈనిక సమయంలో తల్లి గొర్రె నిరోధశక్తి సన్నగిల్లి, పేడలో గుడ్లు పెరుగుతాయన్న సంగతి ఇక్కడా సత్యమే. తల్లికి పాలు తగ్గితే ఇక్కడ కొలిచే పాత్ర లేదు. గొర్రెపిల్ల పొట్టయే ఆ పాత్ర. పిల్ల ఎదగకపోవడం, చచ్చిపోవడం వేరే వ్యాధి లెక్కలో పడిపోతుంది.

ఈ లోపాలను సవరించడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు జీవితచక్రపు బొమ్మ ప్రక్కనే తన గ్రామపటం గీయించవచ్చును. చెరువు, కాలువ, మెట్ట, మంద కట్టే పొలం, గేదెలు దిగే రేవు అందులో గుర్తింపజేయవచ్చును. నెలల వరుస వ్రాయించి, వాన ఎప్పుడు, కోత ఎప్పుడు, మంద ఎక్కడ అని నింపించవచ్చును. విద్యార్థులను చెరువులో దింపి నత్తలను చేతులతో పట్టించరాదు; గట్టున నిలిచి చూపితే చాలును. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ వంటి తుపాను తరువాత పల్లపు నేలలలో నీరు నిలిచితే ఆ పటంలో ఏ గుర్తులు మారుతాయో అడగవచ్చును. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల విద్యార్థికి మిరాసిడియం, సెర్కేరియా అనే పేర్లు వేరుగా బట్టీపట్టవలసిన పని ఉండదు. మందగల ఇంటినుండి వచ్చిన విద్యార్థి అయితే, ఆ పాఠం సాయంత్రానికి ఇంటికి చేరుతుంది.