గొడుగు కింద కంసాలి పని

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. చెట్లు, కరెంటు స్తంభాలు ఒరిగాయి, ఫోన్లు మూగబోయాయి. సిగ్నల్ ఎప్పుడొస్తుందని విసుక్కోవడమే మనకు తెలుసు. దాని వెనక డీజిల్ క్యాన్ మోసుకెళ్లే మనిషి ఒకడుంటాడని ఎవరికి తడుతుంది?

కరెంటు పోగానే సెల్ టవర్‌ని 48 వోల్టుల బ్యాటరీలు కాస్తాయి, కొన్ని గంటలే. ఆపైన జనరేటర్. దారికడ్డంగా చెట్లు పడి ఉంటే డీజిల్ బండి కదలదు, మనిషే నడవాలి. గాలికి మైక్రోవేవ్ డిష్ రెండు మూడు డిగ్రీలు తిరిగినా అవతలి టవర్‌తో మాటలు బంద్. ఎవరో ఒకరు పైకెక్కి, మీటర్ చూసుకుంటూ దాన్ని సరిచేయాలి.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది టవర్లను కలిపే ఫైబర్ కేబుల్ తెగితే అతికే పని. బురద గుంట పక్కన గొడుగు కింద కూర్చుని, వెంట్రుకంత గాజు పోగును తుడిచి, నిటారుగా కోసి, స్ప్లైసింగ్ మెషిన్‌లో పెట్టి కరిగించి అతుకుతారు. దుమ్ము రేణువు పడిందా, మళ్లీ మొదటికే. కంసాలి పనే, కాకపోతే వానలో. కేబుల్లో 24 పోగులుంటే 24 సార్లూ అదే ఓపిక.

ఈసారి తుపాను వెలిశాక మీ వీధి చివర అలా ఎవరైనా కూర్చుని కనిపిస్తే, ఎప్పుడొస్తుందని అడక్కండి. కాస్త వేడి టీ ఇచ్చి రండి.