ఆనియేర్ సేతుచిత్రము: వర్ణసంధివిచారము

విన్సెంట్ వాన్ గోఖ్ 1887వ సంవత్సరపు వేసవిలో రచించిన ఆనియేర్ వంతెనల చిత్రము స్విట్జర్లండు దేశమందలి బ్యూర్లె సంగ్రహమునకుఁ జెందినది. ఆనియేర్ పారిసునకు వాయవ్యమున సేన్ నదీతీరమందున్న ఉపనగరము. చిత్రమున ముందువెనుకలుగా రెండు వంతెనలు; ఒకదానిపై ధూమశకటము పోవుచుండును. క్రింద గట్టునొద్దఁ బడవలు. ఎఱ్ఱగొడుగు పట్టిన యొక స్త్రీ. ఇంతకు మించి కథ లేదు.

ఈ చిత్రకారుఁడు చేరిన వర్గమునకుఁ బోస్ట్ ఇంప్రెషనిజమను పేరు 1910లో లండను ప్రదర్శనమునకై రోజర్ ఫ్రై కల్పించినది. అప్పటికిఁ జిత్రకారుఁడు గతించి యిరువదియేండ్లు. ఇంప్రెషను అనఁగా వస్తువు చూడ్కిపైఁ గావించు తత్క్షణముద్ర. అందలి పూర్వపదము "తరువాతిది" యని కాలమును మాత్రమే బోధించును, స్వభావమును జెప్పదు. పంకజశబ్దమున యోగార్థము కొంతయైన వస్తువును ముట్టును; ఇందు నదియు లేదు. కావున నామమును రూఢికి విడిచి లక్ష్యమునే పరిశీలింపవలెను.

వర్ణశబ్దము రంగునకును అక్షరమునకును సమానము. వర్ణముల యత్యంతసామీప్యమును వైయాకరణులు సంహిత యందురు. క్లోద్ మొనే 1900 ప్రాంతమున లండను వాటర్లూ వంతెనను జిత్రించుచు మంచును, నీటిని, వంతెనను ఒకదానిలో నొకటి కరఁగించెను. అది సంహితాపాఠము. ఆనియేర్ చిత్రము పదపాఠము. నీటిపై నీలము, పసుపు, తెలుపు వేర్వేఱు గీఁతలుగా నిలిచియున్నవి. ఏ గీఁతయుఁ బొరుగుదానిలో లీనము గాదు. కలుపవలసినది ద్రష్ట నేత్రము. ఎదురెదురు వర్ణములు ప్రక్కప్రక్కల నుండిన నొకదాని నొకటి యుజ్జ్వలింపఁజేయునని రసాయనజ్ఞుఁడగు షెవ్రెల్ 1839లోనే నిరూపించియుండెను. ఆ నీలిమనడుమ నెఱ్ఱగొడుగు వెలుఁగుట కిదియే కారణము. స్త్రీ లేకున్నఁ జిత్రము నిలుచునేమో కాని గొడుగు లేకున్న నిలువదు.

విసంధి కావ్యదోషము గదా యని యాక్షేపింతురు. దోషమే, అనవధానముచేఁ గలిగినయెడల. ఏకపదమున సంధి నిత్యము. వాక్యమున వక్తృవివక్షాధీనమని శాస్త్రమర్యాద. ఈ చిత్రమున వంతెనకంబమొక పదము: దాని యవయవములు గట్టిగా నదుకుకొనియున్నవి. కంబమునకును నీటికిని నడుమనే సంధి విడువఁబడినది. ఇది వివక్ష గాక యనవధానమెట్లగును?

ఇనుమును, పొగయును రసోచితములు గావను మాట విచారార్హము గాదు. కవిభావన సోఁకినచో రమ్యమైనను జుగుప్సితమైనను రసత్వమందని వస్తువు లేదని దశరూపకమున ధనంజయుఁడు తేల్చియున్నాఁడు.

అయినను ఈ విసంధి చిత్రకారునకు సిద్ధాంతము గాలేదు. 1888 ఫిబ్రవరిలోఁ బారిసు విడిచి యతఁ డార్ల్ నగరమునకుఁ బోయెను. మార్చిలో నచ్చటి లాంగ్లువా కొయ్యవంతెనను జిత్రించెను. అందు ఆకాశము దాదాపొకే నీలముగాఁ బఱచుకొన్నది. గొడుగు పట్టిన యామెకు మాఱుగా గట్టున బట్టలుతుకు స్త్రీలున్నారు.